స్వప్న చూపుడువేలి దిగ్విజయం

వినండయ్యా, వినండమ్మా! చెవులున్నవారు చెవులొగ్గి వినండి, చేతిలో ఫోనున్నవారు దాన్ని కాసేపు బోర్లించి మరీ వినండి. నేను చెప్పబోయే కథలో ఏనుగులు లేవు, గుర్రాలు లేవు, కోటగోడలు కూలడాలు అసలే లేవు. ఒక ముసలి ల్యాప్‌టాపు, ఒక మౌసు, ఒక ఆడకూతురి చూపుడువేలు, ఇంతే ఉన్నాయి. ఇంతోటిదానికి ఇంత ఆర్భాటమా అని మూతి తిప్పుకునేవారు ఇప్పుడే లేచి వెళ్లొచ్చు. తర్వాత మాత్రం అయ్యో వినలేదే అని నా దగ్గరికి రావద్దు.

చిత్రావతీనదీ పరిసర విరాజమానమై, అహర్నిశ మగ్గనాద ముఖరితమై, జరీతంతుప్రభా భాసురమై, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు బారులు తీరే ధర్మవర మహాపట్టణమున, ఆశ్వయుజ శుద్ధ నవమినాడు, అనగా ఆయుధపూజ నాడు, మగ్గాలన్నీ బొట్లు పెట్టించుకుని మౌనవ్రతం పట్టిన మధ్యాహ్నవేళ, గోడగడియారం ముల్లు మూడు దాటి పది నిమిషాల మీద నిలబడిన ఆ మహాముహూర్తాన, జయరాముడి ఇంటి నడవలో ఒక చెయ్యి ముందుకు సాగి, బల్ల మీద తడిమి, శూన్యాన్ని పట్టుకుంది.

ఆ చెయ్యి స్వప్నది. పెనుకొండలో పుట్టి, ధర్మవరంలో మెట్టి, నాలుగేళ్లలో మగ్గం గుంటలో దిగి కూర్చోవడం నేర్చి, అయిదో ఏట తనే సొంతంగా బుటాలు గీసిన వీరాంగన. తంతుసంధానచతుర, వర్ణమేళనవిశారద, బుటారచనాధురంధర అని నేను బిరుదులిస్తున్నాను గానీ, ఆ వీధిలో ఆమెను అందరూ జయరామన్న కోడలు అనే అంటారు. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. పైకి ఎప్పుడూ అనలేదు.

ఎందుకు గుచ్చుకునేదో చెప్పాలి. చింతచెట్టు పూత పూసినప్పుడు చూశారా? పసుపులో ఎర్రటి చారలతో, గోరంత పువ్వు. దాన్ని బుటాగా గీసి, జకార్డు అట్టలు కొట్టించి, ఆకుపచ్చ పట్టు మీద అల్లింది స్వప్న. ఆర్నెల్ల తపస్సు. ఆ చీర సరిగ్గా నిన్న సాయంత్రమే మగ్గం దిగింది. ఇంతవరకూ ఆ ఇంటి చీరలన్నీ ఒక షావుకారు కొనుక్కుపోయి తన పేరు చీటీ అంటించి అమ్మేవాడు. వచ్చే నెల హిందూపురంలో చేనేత ప్రదర్శన పెడుతున్నారు. అందులో అంగడి దొరికితే చీర మీద నేసినవారి పేరు, బుటా గీసినవారి పేరు రెండూ అచ్చువేసి తగిలిస్తారు. దానికి కంప్యూటర్లో ఫారం నింపి చీర ఫొటో జతచేయాలి. ఫోనులో ఆ ఫారం తెరుచుకోదు, కంప్యూటరే కావాలి. ఆఖరు గడువు ఆ రోజు సాయంత్రం ఆరు గంటలు.

పొద్దున పూజ, మధ్యాహ్నం వంట ముగించుకుని, మిద్దె మీద ఎండలో చీర పరిచి ఫొటోలు తీసుకుని, వాటిని ఫోనులోంచే ల్యాప్‌టాపుకు పంపించి, ఇప్పుడు ఫారం నింపుదామని కూర్చుంటే మౌసు లేదు.

"అత్తా, మౌసు యాడ?" అంది స్వప్న.

"ఆడ పూజలో ఉండాది సూడు," అంది వంటింట్లోంచి కుళ్ళాయమ్మ. 

చూసింది. ఏం చూసిందని అడుగుతారేమో! పూజాపీఠమున, పసుపు పూసిన పీట మీద, కత్తెర కుడివైపు, పోగు మోసే నాడె ఎడమవైపు, జయరాముడి ఫోను పాదాల దగ్గర కొలువుదీరగా, నడిమధ్యన, నెత్తిన కుంకుమ, వీపున పసుపు, చుట్టూ తన తీగనే చుట్టలు చుట్టుకుని, చామంతిపూల కిరీటంతో, అగరుధూపధూమావృతమై, మౌసు కొలువుదీరి ఉంది. అంత గౌరవం ఆ మౌసుకు దాని జన్మలో జరగలేదు. కింద ఎర్రదీపం కూడా వెలగడం లేదు పాపం, తీగ పీకేశారు కదా.

"అయ్యో అత్తా! అది నాకు కావల్ల. ఫారం నింపల్ల."

"రేపు దశమి. పొద్దున్నే కదిలిస్తా గదా. రేపు నింపుకో."

"ఈ పొద్దు ఆరుకే ఆఖరత్తా!"

కుళ్ళాయమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. మంచి మనిషి. కోడలి మీద ఏనాడూ గొంతు పెంచని మనిషి. ఆమె మొహం చూస్తే స్వప్నకు ప్రాణం ఉసూరుమంది.

"ముప్పై ఏండ్లాయ నేను ఈ ఇంటికొచ్చి," అంది కుళ్ళాయమ్మ. "నవమికి నేను పెట్టిన బొట్టు దశమి దాకా కదిల్లేదు. ఒక్క తూరి మీ మామ అగత్యమని కత్తెర తీసినాడు. ఆ యేడంతా పడుగు తెగుతానే ఉన్నింది. నువ్వు తీసుకుంటానంటే నేను అడ్డం రానులేమ్మా. కానీ నా మనసు కుదురుగా ఉండదు."

తీసుకోవద్దు అని గద్దిస్తే ఎదురు చెప్పొచ్చు. మనసు కుదురుగా ఉండదు అంటే ఏం చెప్తారు? స్వప్న మౌసు వైపు తిరిగి, కటిక నేలను పాదంతో తాటించి, భీషణ భ్రుకుటీ కుటిల వదనయై, తన హృదయాంతరాళమున ఇట్లు గర్జించింది:

"ఓ మౌసురాజమా! నిన్నటివరకు నా అరచేతి కింద నలిగినదానవు, నేడు నా అత్తగారి అర్చనలందుకొను దైవమవైతివి! నిన్ను ముట్టను. నీ తీగను ముట్టను. నీ నీడనైన ముట్టను! నాకున్న పది వేళ్లే నాకు పది బాణములు! ఆరు గంటలలోపున ఆ ఫారమును పంపకుంటినా, నేను పెనుకొండ ఆడబిడ్డనే కాను!"

ఇదంతా మనసులో. పైకి మాత్రం, "సరేలేత్తా, ముట్టనులే" అంది.

మౌసు లేకపోతేనేం, ల్యాప్‌టాపు మీద వేలు రాసే పలక ఉంటుంది కదా అని తెలివైనవారు అడుగుతారు. అడగండి, చెబుతాను. నిరుడు ఇదే నవమినాడు పూజలో కూర్చున్నది ల్యాప్‌టాపే. కుళ్ళాయమ్మ భక్తి కొద్దీ పసుపునీళ్లు చల్లింది. ఆ తీర్థం మూడు చుక్కలు లోపలికి దిగి, వేలు రాసే పలకను, పక్కనున్న ఎఫ్ అనే అక్షరాన్ని ఏకకాలంలో వీరస్వర్గానికి పంపింది. ఆ అపరాధభావంతోనే ఆమె ఈసారి ల్యాప్‌టాపును వదిలేసి, దాని చెయ్యి ఇదే కదా అని మౌసును కూర్చోబెట్టింది. ఆమె చేసిన జాగ్రత్తే ఇక్కడికి తెచ్చింది. తప్పు ఎవరిదని చెప్పమంటారు?

అంతట స్వప్న భర్త కేశవ రంగంలోకి దిగాడు. మోటారుసైకిలెక్కి, ఎడమకాలితో భూమిని తన్ని, ధూళిధూసరిత దిగ్మండలుడై, వేరే మౌసు తెస్తానని స్టేషను రోడ్డుకు దూసుకుపోయాడు. అరగంటలో ఉత్తచేతులతో తిరిగొచ్చాడు.

"స్వప్నా, సగం అంగళ్లు మూసినారు. తీసినోళ్ల కాడ ఉండే మౌసులన్నీ పూజలో కూర్చోనుండాయి," అన్నాడు. "నెట్ సెంటరు ఆయప్ప కొత్త మౌసులకు గూడా డబ్బాలో పెట్టే బొట్టు పెట్టినాడు. రేపు రాప్పా అంటాడు."

నడవలో పడక్కుర్చీలో కూర్చున్న జయరాముడు గట్టిగా ఊపిరి పీల్చాడు. ఈయన వయసులో ఉన్నప్పుడు జాతర నాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. వేషం విప్పి ముప్పై ఏళ్లయినా గొంతులోంచి రాజు దిగలేదు.

"ఔరా!" అన్నాడాయన. "నలుదిక్కుల ద్వారములు మూసుకొనినవి! ఆయుధాగారమున ఆయుధమే దైవమై కూర్చున్నది! ఇక నా కోడలి గతి ఏమి? గతి ఏమి?"

"మామా, కొంచెం గమ్మునుండు మామా," అంది స్వప్న. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి ఆమెకు. ఆర్నెల్లు గుంటలో కాళ్లు తిమ్మిరెక్కించుకుంది ఇందుకా అని ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఫోను తీసి మేరీకి కొట్టింది.

ఈ మేరీ ఎవరంటే, పెనుకొండలో స్వప్నతో కలిసి చదువుకున్న ప్రాణస్నేహితురాలు. రోజూ రైలెక్కి హిందూపురం పోయి ఒక ప్రైవేటు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. ఆ రోజు సెలవు.

"ఏమే మేరీ, ఏం చేస్తాండావు?"

"బట్టలు జాడిస్తాండా. ఏమే, గొంతు అట్లుండాది?"

స్వప్న చెప్పింది. చెప్తుంటే అవతల బకెట్లో నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"ఇంతేనా?" అంది మేరీ. "నేను మౌసు ముట్టి రెండేండ్లాయ. మణికట్టు నొప్పని డాక్టరు వద్దన్యాడు. ఆఫీసంతా నన్ను చూసి నవ్వినారు. ఇప్పుడు వాళ్లకంటే ముందే పని ముగించి రైలెక్కుతాండా. ఫోను స్పీకర్లో పెట్టు. కీబోర్డు ముందర కూర్చో. నేను చెప్పింది చెప్పినట్లు చెయ్యి."

ఆహా! గురువు దొరికింది! సబ్బునురుగు చేతులతో గురువు దొరికింది!

"బ్రౌజరులోకి ఒక చిన్న ఎక్స్‌టెన్షను ఎక్కించల్ల. అది ఎక్కితే మీటలతోనే అంతా తిరగొచ్చు. పేరు చెప్తాండా, కొట్టు," అంది మేరీ. కొట్టింది. చెరిపి మళ్లీ కొట్టింది. పేజీ తెరుచుకుంది. "ఇప్పుడు ట్యాబ్ మీట కొడ్తా పో. నీలం గీత ఒక్కోదాని మీదికి దుముకుతాది. కలుపుకో అనే బొత్తాం మీదికి రాంగానే ఎంటర్ కొట్టు."

ఇక చూడండి యుద్ధం! వజ్రసన్నిభమైన ఆ చూపుడువేలు గాలిలోకి లేచి, ట్యాబ్ మీట మీద పడింది. నీలిగీత ఎగిరింది, దూకింది, పేజీ కొసకు పోయి మళ్లీ మొదటికొచ్చింది. ఆ బొత్తాం దగ్గరికి వస్తుంది, ముందుది మెరుస్తుంది, తర్వాతిది మెరుస్తుంది, బొత్తాం మాత్రం మెరవదు. మూడు ప్రదక్షిణాలయ్యాయి. నాలుగోదీ అయింది.

"అది నాకు చిక్కేదే లేదు మేరీ!"

కేశవ వెనక నిలబడి తదేకంగా చూస్తున్నాడు. "స్వప్నా, నువ్వు మగ్గం పలక కొట్టినట్లు కొడ్తాండావు," అన్నాడు.

అదీ సంగతి! నేతగాళ్ల ఇంట్లో తప్ప ఇంకే ఇంట్లోనూ జరగని తప్పు అది. నాడె ఒకసారి ఇటునుంచి అటు దూకిందంటే, పోగు బిగియడానికి పలకతో టక్కుటక్కుమని రెండు దెబ్బలు వెయ్యాలి. అయిదేళ్లుగా వేసివేసి స్వప్న చేతికి ఒక దెబ్బ అనేదే మరిచిపోయింది. ఏ మీట కొట్టినా రెండుసార్లు కొడుతోంది. నీలిగీత ఒకటి వదిలి ఒకటి దూకుతోంది. ఆ బొత్తాం ఎప్పుడూ వదిలేసే వరసలోనే ఉంది. మౌసుతో పని చేసినన్నాళ్లూ ఈ సంగతి బయటపడలేదు, ఎందుకంటే దానికీ అక్కడక్కడ రెండు నొక్కులే కావాలి కదా, అక్షరం రెండుసార్లు పడితే చెరుపుకోవచ్చు.

"ఒక్క దెబ్బే వెయ్యే!" అని మేరీ పెనుకొండలో అరిచింది. స్వప్న ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, పళ్లు బిగబట్టి, ఒక్కటంటే ఒక్క దెబ్బ వేసింది. గీత బొత్తాం మీదికొచ్చింది. ఎంటర్. ఎక్స్‌టెన్షను ఎక్కింది. గడియారం నాలుగూ ఇరవై.

"ఇప్పుడు ఎఫ్ కొట్టు," అంది మేరీ. "తెరమీద నొక్కదగిన ప్రతిదానికీ పసుప్పచ్చ చీటీ అంటుకుంటాది. చీటీ మీదుండే అక్షరాలు కొడితే అది నొక్కినట్లే."

"ఎఫ్ నిరుడే చచ్చిపోయిండాది మేరీ."

కుళ్ళాయమ్మ తలుపు చాటున చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"పోతే పోనీలే. మనకిష్టమైన మీటకు ఆ పని అప్పజెప్పొచ్చు. సెట్టింగుల్లో ఒక డబ్బా ఉంటాది. ఏ మీట కొడితే ఏం జరగల్లనో వరసకొకటి రాసుకో."

అప్పుడు స్వప్న మొహం చూడాలి మీరు! చీకటి గదిలో ఎవరో కిటికీ తెరిచినట్టయింది. "ఓహో, జకార్డు అట్టలే ఇవి!" అంది. అట్టలో చిల్లు ఎక్కడ కొడితే అక్కడి పోగు లేస్తుంది. పోగుకు సొంత బుద్ధి లేదు, చిల్లు చెప్పినట్టు వింటుంది. ఇక్కడ కూడా అంతే, చిల్లు మనం కొట్టుకోవచ్చు. చచ్చిపోయిన ఎఫ్ పనిని తీసి చుక్క కింద కామా ఉన్న మీటకు పట్టాభిషేకం చేసింది. కొట్టింది. తెరంతా పసుప్పచ్చ చీటీలు పూశాయి!

"మామా, చూడు మామా! చింతపూత మాదిరి లేదూ?"

"అద్భుతము! పరమాద్భుతము!" అన్నాడు జయరాముడు. ఆయనకు అద్దాలు లేక ఏమీ కనపడలేదు.

అక్కడినుంచి దండయాత్ర జోరందుకుంది. ఫారం తెరిచింది. నేతగాడి కార్డు నంబరు, ఇంటి చిరునామా, పిన్ కోడు, మగ్గాల సంఖ్య, రెండేసి పడ్డ అంకెలను చెరుపుకుంటూ ఒక్కొక్క గడినీ వశపరచుకుంటూ, అక్షరశరపరంపరలు కురిపిస్తూ సగం ఫారం జయించింది. ఇంతలో పేజీ కిందికి దిగే మీట చేతికి దూరంగా ఉందనిపించి, మళ్లీ సెట్టింగులు తెరిచి, దాన్ని దగ్గరికి మార్చుకుంది. "ఇంగ ఆ సెట్టింగుల ట్యాబు మూసెయ్యి. ఎక్స్ కొడితే మూసుకుంటాది," అంది మేరీ.

స్వప్న ఎక్స్ కొట్టింది.

టక్కుటక్కు.

మొదటి దెబ్బకు సెట్టింగులు మూసుకున్నాయి. రెండో దెబ్బకు ఫారం మూసుకుంది.

హా హతోస్మి! ఆ నడవలో అగరుబత్తి పొగ కూడా ఒక క్షణం నిలిచిపోయిందంటే నమ్మండి. నమ్మకపోయినా నేనేం అనుకోను. 

"షిఫ్ట్ పట్టుకుని ఎక్స్ కొట్టు, తిరిగొస్తాది," అంది మేరీ. తిరిగొచ్చింది. ఫారం తిరిగొచ్చింది గానీ నింపిందంతా పోయింది. గడులన్నీ తెల్లగా వెక్కిరిస్తున్నాయి. గడియారం అయిదుకు పది తక్కువ.

స్వప్న రెండు చేతుల్లో మొహం దాచుకుంది. "నా చేతికి ఒక్క దెబ్బ రాదు మేరీ. నా వల్ల గాదు."

అప్పుడు మాట్లాడింది ఎవరనుకుంటున్నారు? కుళ్ళాయమ్మ! తలుపు చాటునుంచి బయటికొచ్చి, కోడలి పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"చేతిని యాల మారుస్తావమ్మా? మగ్గం నీకు చాలకుంటే గుంట తవ్వి నీ కాళ్లకు సరిజేసుకోలేదా? ఇదీ అట్లే సరిజేసుకో. నీ చెయ్యి రెండేస్తే, దాన్నీ రెండు దెబ్బలకే కదలమని చెప్పు."

"అత్తా," అంది ఫోనులో మేరీ, "ఈ మాట నాకు రెండేండ్లలో తోచలేదత్తా."

అంతే! ఇక ఆగుతుందా ఆ వీరనారి? సెట్టింగుల డబ్బా మళ్లీ తెరిచింది. పసుపు చీటీలకు చుక్కకామా రెండు దెబ్బలు. కిందికి దిగడానికి జె రెండు దెబ్బలు. పైకెక్కడానికి కె రెండు దెబ్బలు. వెనక్కి పోవడానికి హెచ్ రెండు దెబ్బలు. ఒంటిదెబ్బకు పలికే మీటలన్నిటి నోళ్లూ కట్టేసింది. ట్యాబులు మూసే ఎక్స్‌ను, ఆ విశ్వాసఘాతకిని, కులద్రోహిని, సమస్త అధికారములనుండి తొలగించి దేశబహిష్కారం విధించింది. మగ్గం మీద పుట్టిన తాళం కీబోర్డు మీదికి ఎక్కింది. టక్కుటక్కు, టక్కుటక్కు. నవమినాడు మగ్గం మోగకూడదు కదా, వీధిలో పోయేవాళ్లు ఆగి ఇంట్లోకి తొంగిచూశారట.

గడులు ఒకదాని వెనక ఒకటి నేలకొరిగాయి. ఫొటో జత చేసే చోట కూడా మీటలతోనే పోయి, ఫైలు పేరు కొట్టి, ఆకుపచ్చ చీర మీది చింతపువ్వును తెరమీదికెక్కించింది. అయిదూ నలభై. ఇంకొక్క గడి మిగిలింది. 'బుటా రూపొందించినవారి పేరు.'

మీటల మీద వేళ్లు ఆగిపోయాయి.

కార్డు జయరాముడి పేరు మీద ఉంది. మగ్గం ఆయనది. ఇన్నాళ్లూ ఎక్కడ ఏ కాగితం మీదైనా పేరు రాయాల్సి వస్తే జయరాముడి పేరే రాసేవారు, అది ఎవరికీ తప్పుగా అనిపించలేదు. స్వప్న మామ వైపు చూసింది.

జయరాముడు పడక్కుర్చీలోంచి లేచాడు. ఏదో పెద్ద డైలాగు వస్తుందని అందరూ ఎదురుచూశారు. రాజు రాలేదు.

"నీ పేరే కొట్టమ్మా," అన్నాడు మెల్లగా. "గీసింది నువ్వు గదా. నాకు చింతపువ్వుకు ఎన్ని రెక్కలుంటాయో గూడా తెల్దు."

స్వప్న తన పేరు కొట్టింది. ఇంగ్లీషులో ఆరు అక్షరాలు. ఒక్కొక్క అక్షరం రెండుసార్లు పడింది, చెరిపి మళ్లీ కొట్టాల్సి వచ్చింది. ఆ ఆలస్యానికి ఎవరూ తొందరపెట్టలేదు.

పంపుము అనే బొత్తాం మీద పసుపు చీటీ వెలిగింది. కొట్టింది. అయితే యుద్ధం ముగిసిందా? ముగియలేదు! తెరమీద కొత్త శత్రువు మొలిచాడు: 'మీ నమోదిత ఫోనుకు ఆరంకెల ఓటీపీ పంపబడినది.'

"నమోదిత ఫోను యాదిరా?" అన్నాడు జయరాముడు.

"నీదే నాయనా," అన్నాడు కేశవ.

నలుగురూ ఒక్కసారిగా పూజ వైపు తిరిగారు. పీట మీద, మౌసు పాదాల దగ్గర, నెత్తిన బొట్టుతో, జయరాముడి ఫోను బుర్రుమని ఒళ్లు విదిలించి వెలిగింది.

"దానికెందుకే బొట్టు పెట్టినావు?" అన్నాడు జయరాముడు పెళ్లాంతో.

"చేనేత సొసైటీ ఫోన్లన్నీ దానికే వస్తాయంటివి గదా! పనిముట్టు గాదా?"

ముట్టరాదు. కానీ చూడరాదని ఎవరన్నారు? దర్శనానికి అడ్డేముంది? నలుగురూ పీట ముందు సాగిలపడ్డట్టు వంగారు. అద్దాలు పెట్టుకుని జయరాముడు, మెడ సాచి కేశవ, ల్యాప్‌టాపు ఒళ్లో పెట్టుకుని స్వప్న, కర్పూరం హారతి పట్టుకుని కుళ్ళాయమ్మ.

"ఏడు... రెండు... రెండు... తొమ్మిది..." అని చదివాడు కేశవ. ఆగాడు. "మిగతావాటి మీద చామంతిపువ్వు ఉండాది."

పువ్వు! సమస్త విఘ్నములను దాటివచ్చిన సేనకు ఆఖరి కోట ఒక చామంతిపువ్వు! ముట్టకూడదు. ఫ్యాను వేస్తే దీపం ఆరుతుంది. కేశవ నోటితో ఊదబోతే కుళ్ళాయమ్మ వీపున ఒకటిచ్చింది, దేవుడి మీద ఎంగిలి గాలి ఊదుతావా అని. వెలుగు ఆరిపోయింది, ఫోను నల్లబడింది. అయిదూ యాభై రెండు.

"మళ్లీ పంపించుకోవే," అంది మేరీ స్పీకర్లోంచి. "కింద మళ్లీ పంపుము అని ఉంటాది. ఒక నిమిషం ఆగితే వెలుగుతాది."

ఆ ఒక్క నిమిషం యుగమైంది. మళ్లీ పంపుము వెలిగింది. చుక్కకామా, చుక్కకామా. చీటీ. అక్షరాలు. టక్కుటక్కు.

పీట మీద ఫోను బుర్రుమంది. వణికింది. ఆ వణుక్కి పీట అదిరింది, పీట అదిరితే కత్తెర గలగలమంది, పువ్వు ఊగింది, ఇటు ఒరిగింది, అటు ఒరిగింది, ఊగి ఊగి కుడివైపున రాలింది.

"కుడిపక్క రాలింది!" అని కుళ్ళాయమ్మ హారతిపళ్లెం పట్టుకునే కేక పెట్టింది. "దేవుడు వరమిచ్చినాడమ్మా! చౌడమ్మ తల్లే ఇచ్చింది!"

"మూడు, ఎనిమిది, సున్నా, ఒకటి, ఒకటి, ఆరు!" అని కేశవ అరిచాడు. ఒకటి, ఒకటి అనేచోట స్వప్న వేలు మొదటిసారి ఏ తప్పూ లేకుండా దాని ఇష్టం వచ్చినట్టు రెండు దెబ్బలు వేసింది. ఎంటర్.

చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. అయిదూ యాభై ఆరు. చక్రం ఆగింది. 'మీ దరఖాస్తు స్వీకరించబడినది. బుటా రూపకర్త: స్వప్న.'

విజయము! విజయము! మౌసును ముట్టక, దాని తీగను ముట్టక, దైవాపచారము చేయక, ఒక్క వేలితో రెండేసి దెబ్బలతో ఒక ఫారము పంపబడెను! జయరాముడు చెయ్యి పైకెత్తాడు, ఈసారి రాజు నిజంగానే దిగివచ్చాడు. "మ్రోగింపుడు భేరీ మృదంగములు!" అన్నాడు. భేరీ లేదు, కేశవ మోటారుసైకిలు హారను కొట్టాడు. మేరీ పెనుకొండలో బకెట్టు వాయించింది. స్వప్న మాత్రం తెరమీద తన పేరును చూస్తూ, ఇప్పుడు ఏడ్చింది, తనివితీరా.

కుళ్ళాయమ్మ కుంకుమభరిణెతో ల్యాప్‌టాపు దగ్గరికి వచ్చింది. పసుపునీళ్ల చెంబు కూడా రెండో చేతిలో ఉంది.

"వద్దత్తా!"

"వద్దే!"

"వద్దమ్మా!"

"అత్తా, దేవుని మీద ఆన, వద్దు!" ఆఖరిది మేరీ.

కుళ్ళాయమ్మ చెంబు కింద పెట్టేసింది. కాసేపు ఆలోచించింది. కోడలి కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, చూపుడువేలు పైకెత్తి, దాని కొసన పసుపు రాసి, నిండుగా కుంకుమబొట్టు పెట్టింది.

"ఈ పొద్దు పన్జేసిన ఆయుధం ఇదే గదా," అంది. "ఇంగ రేపు నేను కదిలించేదాకా దీనితో ఏ పనీ చెయ్యగూడదు. గరిటె పట్టగూడదు, చీపురు పట్టగూడదు. వంట నేను చేస్తా. కేశవా, లెయ్యి, అంట్లు తోము."

కేశవ లేచాడు. స్వప్న పడక్కుర్చీలో మామ చోట్లో కూర్చుని, బొట్టు పెట్టిన వేలిని జాగ్రత్తగా పైకి పట్టుకుని, పెళ్లయిన నాటినుంచి మొదటిసారి పండగపూట వంటింటి వైపు తిరిగి చూడకుండా, ఊరికే కూర్చుంది.

ఆ నవమినాడు ధర్మవరంలో పూజలో కూర్చున్న ఆయుధాల జాబితా ఎవరైనా రాస్తుంటే, మగ్గాలు, నాడెలు, కత్తెరలు, మౌసులు అన్నీ రాసుకున్నాక, కింద ఇంకొక్క వరస వదలండి. అక్కడ ఒక చూపుడువేలు ఉంది.